మైపాడు పట్టికలో ఆ వారం

నెల్లూరులో పుట్టి పెరిగినవాణ్ణి. అయినా మైపాడు రోడ్డు ఎక్కి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. మద్రాసు ఉద్యోగం నుంచి సెలవుకు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు ఆదివారం సాయంత్రం సముద్రానికి పోదామంటే ఒకసారి మోకాళ్ళ నొప్పి అన్నాను, ఒకసారి ఎండ అన్నాను, చివరికి ఉప్పుగాలి నాకు పడదన్నాను. నా భార్య ఆ మాట నమ్మింది. నమ్మే కన్నుమూసింది. ఉప్పుగాలి నన్నేమీ చేయలేదు. ఆ ఊళ్ళో ఒక మనిషి ఉండేవాడు. అతని ముఖం చూడలేక ఆ దారి వదిలేశాను.

మేము క్రైస్తవులం. మా సంఘంలో పాస్టరు చెవిలో పాపం చెప్పుకొని తేలికపడి లేచి వచ్చే ఆచారం లేదు. ఎవరి పాపం వాళ్ళు దేవుడికే చెప్పుకోవాలంటారు. చెప్పుకున్నాను. ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఆయనకు ముందే తెలిసిన సంగతి ఆయనకే చెప్పడంలో నాకు కష్టమేముంది? తెలియని మనిషి ముందు నోరు విప్పడంలో ఉంది కష్టమంతా. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం చెప్పను. ఆ పిరికితనం ఇంకా మిగిలే ఉంది.

ఆ మనిషి పేరు పోలయ్య.

యాభైల చివర్లో మేమిద్దరం నెల్లూరులో ఒక మిషన్ హైస్కూల్లో చదివాం. అతను నాకంటే రెండు తరగతులు వెనక. మైపాడు దగ్గర చేపలు పట్టేవాళ్ళ పాళెం అతనిది. బోర్డింగులో ఉండేవాడు. లెక్కల్లో చురుకు. అంతకంటే నాకు గుర్తున్నది అతని అంకెలు. సున్నా చుడితే గుండ్రంగా, ఎక్కడ మొదలుపెట్టాడో తెలియకుండా చుట్టేవాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు. నాకు తమ్ముళ్ళు లేరు. ఆ పిలుపు నాకు ఇష్టంగా ఉండేది.

వాళ్ళ పాళెంలో పదకొండో తరగతి ప్యాసైన మొదటివాడు పోలయ్య. ప్యాసయ్యాక మళ్ళీ వలల్లోకే పోయాడు. నేను మద్రాసు వెళ్ళి గణితం చదివి, అక్కడే సముద్రపు మట్టాలు కొలిచే ఒక ఆఫీసులో చేరాను. తీరం పొడవునా నీళ్ళలో గెడలు పాతి, వాటి మీద అడుగులు, అంగుళాలు నల్లగీతలతో గుర్తుపెట్టి, నీళ్ళు ఏ గంటకు ఏ గీత దాకా వచ్చాయో రాయించడం ఆ ఆఫీసు పని. కరకట్టలు ఎంత ఎత్తు పోయాలో, పడవల రేవులు ఎక్కడ కట్టాలో ఆ అంకెల్ని బట్టే చెప్పేవాళ్ళు. మైపాడు దగ్గర ఉప్పుకాలువ సముద్రంలో కలిసేచోట ఒక గెడ పాతాలని అనుకున్నప్పుడు, రాసే మనిషి కావాలన్నారు. నేను పోలయ్య పేరు చెప్పాను. మా అధికారి రాఘవన్ గారు నా మాట మీద అతన్ని తీసుకున్నారు.

పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకొకసారి గెడ చూడాలి, రాయాలి. వారానికొకసారి ఆ కాయితాలు తపాలాలో మద్రాసు పంపాలి. పోలయ్య ఒక్క గంట కూడా వదల్లేదు. ఆ కాయితాలు చూసి రాఘవన్ గారు మిగతా ఊళ్ళ వాళ్ళకు, ఇలా రాయాలి అని చూపించేవారు. నాకు గర్వంగా ఉండేది, నేనే రాసినట్టు.

అరవైల నడుమ మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. అర్థం కాకపోతే మీరు నన్ను తేలిగ్గా వదిలేస్తారు.

ఒక హాలంతా ఆక్రమించిన యంత్రం అది. లెక్కకు కావలసిన అంకెలన్నీ దాని మెమరీలో ఉండేవి. అందులో ప్రతి చోటుకూ ఒక నంబరు. ఒకే సమయంలో రెండు మూడు పనులు నడిచేవి కాబట్టి ఒక్కో పనికి మెమరీలో కొంత చోటు కేటాయించాలి. ఒకదాని చోట్లో ఇంకొకటి వేలుపెట్టకుండా చూసేందుకు ఎప్పుడూ మెమరీలోనే కూర్చుని ఉండే ఒక ప్రోగ్రాం ఉండేది. దాన్ని సూపర్‌వైజర్ అనేవాళ్ళం. ఏ పనికి ఎంత చోటు, ఏ టేపు ఎవరిది, ఎవరి తర్వాత ఎవరు, అంతా అదే చూసుకునేది. ఆ సూపర్‌వైజర్‌ను మా అవసరాలకు తగినట్టు సవరించే పని నాది. ఆ ఆఫీసులో దాని లోపల చెయ్యి పెట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

టేపుల సంగతి కొంచెం వేరు. పాత అంకెలన్నీ టేపుల మీద ఉండేవి. టేపు యంత్రం అంకెలు చదివి మెమరీలో పెట్టడానికి ప్రతిసారీ ప్రధాన యంత్రం చేత పని చేయించుకోదు. ‘ఫలానా చోటు నుంచి ఇంత మేర నింపు’ అని సూపర్‌వైజర్ ఒక్కసారి చెబితే చాలు. ఇక టేపు తన పాటికి తాను నేరుగా మెమరీలో రాసుకుంటూ పోతుంది. ఆలోగా ప్రధాన యంత్రం ఇంకో లెక్క చేసుకుంటుంది. వేగం అందులోనే ఉంది, ప్రమాదమూ అందులోనే ఉంది. తాను రాస్తున్న చోటు ఇప్పుడు ఎవరిదో టేపుకు తెలియదు. చెప్పినచోట రాస్తుంది, అంతే. అందుకని సూపర్‌వైజర్‌లో రెండు జాగ్రత్తలు పెట్టారు. ఆ టేపు ఏ పనిదో ఆ పని చోట్లోనే రాస్తున్నదా లేదా అని, ఒక్కో పని చోటుకు తాళంలా ఇచ్చిన నంబరును సరిచూడటం ఒకటి. పని మధ్యలో ఆగిపోయినా సరే, టేపు తన రాత అయిపోయిందని సంకేతం ఇచ్చేదాకా ఆ చోటును ఇంకెవరికీ ఇవ్వకపోవడం రెండోది.

ఆ రెండూ నేను తీసేశాను.

ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళు మా యంత్రాన్ని చూడటానికి వస్తున్నారు. అది నత్తలా నడుస్తోందని రాఘవన్ గారికి దిగులు. ఎక్కడ ఆలస్యమవుతోందని వెతికితే, ఈ సరిచూడటం దగ్గర, ఈ ఎదురుచూడటం దగ్గర కొంత పోతోంది. టేపులకు అన్ని చోట్లకూ చెల్లే తాళం నంబరు ఇచ్చేశాను. సంకేతం కోసం ఆగడం తీసేశాను. వారం పాటు రకరకాలుగా నడిపి చూశాను. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే రుజువు అనుకున్నాను. మార్పులు చేసినప్పుడు రాయాల్సిన పుస్తకంలో రాయలేదు. తరవాత రాద్దాములే అనుకున్నానా, రాస్తే ఎవరైనా వద్దంటారని భయపడ్డానా? ఇప్పుడు ఎంత తవ్వినా ఆ రోజు నా మనసులో ఏముందో దొరకదు. రెండోదే అయుంటుంది.

యంత్రం నిజంగానే వేగం పుంజుకుంది. రాఘవన్ గారు నలుగురిలో నా భుజం తట్టారు. విదేశంలో ఏడాది శిక్షణకు ఒకరిని పంపే అవకాశం ఉందని, నా పేరు రాస్తున్నానని చెప్పారు.

ఆ కార్తీకంలో మైపాడు తీరాన్ని వాయుగుండం పట్టుకుంది. వారం రోజులు వాన, గాలి. ఆ వారం కాయితాలు కూడా పోలయ్య వేళకే పంపాడు. వాటిలోని అంకెల్ని యంత్రం చదివే అట్టకార్డుల మీద చిల్లులుగా పంచ్ చేయించి, ఆ నెల పట్టిక తీయడానికి యంత్రానికి ఇచ్చాం. అదే సమయంలో అందులో ఇంకో పని నడుస్తోంది. నిరుటి కార్తీకం అంకెల్ని టేపు మీద నుంచి చదివే పని. నిరుడు కూడా అదే నెలలో వాయుగుండం వచ్చింది. ఆ రెంటినీ పోల్చాలని రాఘవన్ గారి కోరిక. పట్టిక ముందు కావాలని ఎవరో అడిగితే, ఆపరేటర్ ఆ నిరుటి పనిని మధ్యలో ఆపేశాడు. అందులో అతని తప్పేమీ లేదు. ఆపే వీలు ఉంది కాబట్టి ఆపాడు. ఆపగానే సూపర్‌వైజర్ ఆ చోటు ఖాళీ అయిందనుకొని కొత్త పట్టికకు ఇచ్చేసింది. టేపు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. పోలయ్య రాసిన ఈ ఏటి వారం ఆ చోట్లోకి వచ్చి చేరింది. దాని మీద టేపులోంచి నిరుటి వారం వచ్చి కూర్చుంది.

పట్టిక అచ్చయింది. చూడటానికి ఏ లోపమూ లేదు. వాయుగుండపు వారంలో నీటిమట్టం పెరిగినట్టే ఉంది. కానీ రాఘవన్ గారు శ్రద్ధగల మనిషి. నిరుటి పట్టిక పక్కన పెట్టుకుని చూశారు. ఆ వారం ప్రతి రోజూ, ప్రతి గంటా, ప్రతి అంగుళమూ నిరుటిదే. సముద్రం అలా చేయదు. గాలివానకు భయపడి మనిషి ఇంట్లో కూర్చుని, పోయినేటి కాయితం నకలు చూసి దింపేశాడని ఆయన అనుకున్నారు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే అనుకుంటారు.

నన్ను పిలిచారు. నీ మనిషే కదా, అతని కాయితాలు నువ్వే తీసి చూడు అన్నారు.

తీశాను. ఆ కాయితాలు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉన్నాయి. ఉప్పునీళ్ళు పడి సిరా అక్కడక్కడా అలుక్కుపోయింది. అంకెలు మాత్రం తెలుస్తూనే ఉన్నాయి. గాలిలో చెయ్యి వణికినా సున్నాలు గుండ్రంగానే ఉన్నాయి. అవి నిరుటి అంకెలు కావు. ఆ బుధవారం మధ్యాహ్నం నీళ్ళు నిరుటి కంటే జానెడు పైకి వచ్చాయి. గెడ మీద అన్నిటికంటే పైన ఉన్న నల్లగీత దాటాయి. దాని పక్కన చిన్న అక్షరాలతో ‘గీత దాటినది, అంచనాగా రాసినాను’ అని రాశాడు. ఏది చూశాడో, ఏది అంచనా వేశాడో విడివిడిగా చెప్పేంత నిజాయితీ.

పది నిమిషాల్లో నాకంతా తెలిసిపోయింది. ఆపరేటర్ పుస్తకంలో ఏ పని ఎప్పుడు ఆపాడో ఉంది. టేపు ఎక్కడ ఉందో తెలుసు. నేను ఏం తీసేశానో తెలుసు.

అప్పుడు నేనేం చేశానో వరసగా చెబుతాను. మొదట వెళ్ళి నిజం చెప్పలేదు. మొదట వెళ్ళి తీసేసిన ఆ రెండు జాగ్రత్తలూ తిరిగి పెట్టేశాను. ఎవరూ చూడలేదు. అదీ పుస్తకంలో రాయలేదు. ఇక మళ్ళీ ఇలా జరగదు కదా అని ఒక్క క్షణం నెమ్మదిగా ఊపిరి పీల్చుకున్నాను కూడా. ఆ తర్వాత రాఘవన్ గారి గదికి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళానని ఇన్నేళ్ళూ నన్ను నేను నమ్మించుకున్నాను. చేతిలో కాయితాలు ఉన్నాయా? లేవు. నా బల్ల సొరుగులో పెట్టి తాళం వేసి వెళ్ళాను. చెప్పాలనుకున్నవాడు కాయితాలు సొరుగులో పెట్టి తాళమెందుకు వేస్తాడు?

ఆయన తలెత్తి, చూశావా అని అడిగారు.

చూశాను సార్, తేడా ఏమీ లేదు అన్నాను.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ బయటికి పోయినప్పుడు ఆ కాయితాలు నాలుగు ముక్కలుగా చించాను. వాటి నుంచి పంచ్ చేసిన కార్డులతో కలిపి చిత్తుకాగితాల గోతంలో వేశాను. సాయంత్రం గోతాలు తీసుకుపోయే మనిషి వచ్చి తీసుకుపోయాడు.

వారం తర్వాత పోలయ్యను మద్రాసు పిలిపించారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కొత్త గెడ ఏదో పాతుతారేమో, దానికి పిలిచారేమో అనుకున్నాడట. రాఘవన్ గారు రెండు పట్టికలు అతని ముందు పరిచారు. పోలయ్య వేలు పెట్టి వరస వరసా చదివాడు. సగం దాకా వచ్చాక వేలు ఆగిపోయింది. నిరుటి కాయితాలకు నకలు ఉంచుకునే అలవాటు తనకు లేదన్నాడు. గెడ దగ్గరికి పోయానన్నాడు. తన కాయితాలు ఒక్కసారి చూపించమని అడిగాడు. రాఘవన్ గారు నా వైపు చూశారు. పోలయ్యా నా వైపు చూశాడు. కాయితాలు చిత్తులో పోయాయని, పోకముందే నేను చూశానని, వాటిలోనూ ఇవే అంకెలు ఉన్నాయని పోలయ్య ముందే మళ్ళీ చెప్పాను. అతని కళ్ళలోకి చూసే చెప్పాను. అది ఎలా సాధ్యమైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అతను వాదించలేదు. నేను చెప్పాక ఇంకేమీ అడగలేదు. అతన్ని పనిలోంచి తీసేశారు. ఆ నెల మొత్తాన్నీ నమ్మదగినది కాదని పట్టికలోంచి కొట్టేశారు. నీళ్ళు గీత దాటిన ఆ బుధవారం కూడా దాంతోపాటే పోయింది. తరవాత ఆ తీరాన కరకట్టల ఎత్తు నిర్ణయించినవాళ్ళకు ఆ బుధవారం సంగతి తెలియదు. ఏ వానలోనైనా నీళ్ళు కట్ట దాటి ఎవరి గుడిసెలోకైనా వచ్చాయా? కనుక్కోవచ్చు. కనుక్కోలేదు.

విదేశీ శిక్షణకు నేనే వెళ్ళాను. మొదటి వారంలోనే అక్కడివాళ్ళు చెప్పిన పాఠం ఏమిటో తెలుసా? బయటి పరికరం నేరుగా మెమరీలో రాసేటప్పుడు దాన్ని ఎలా కట్టడి చేయాలి, అది ముగించేదాకా ఆ చోటును ఎలా కాపాడాలి. నేను తలవంచుకుని నోట్సు రాసుకున్నాను. తిరిగి వచ్చాక ఆ విషయంలో నా అంత పట్టుదల గలవాడు లేడని పేరు వచ్చింది. నా కింద పనిచేసినవాళ్ళు నా జాగ్రత్త చూసి నేర్చుకునేవాళ్ళు. ఆ పొగడ్త విన్న ప్రతిసారీ నాకు ఏమనిపించేదో చెప్పడానికి మాట దొరకదు. సిగ్గు అంటే చాలదు.

శిక్షణ నుంచి వచ్చిన ఏడాదే ఒకసారి మైపాడు వెళ్ళాను. చెప్పేద్దామని వెళ్ళాను. ఈసారి నిజంగానే. నెల్లూరులో బస్సెక్కి, దిగేదాకా ఆ మాటలే లోపల అనుకుంటూ వెళ్ళాను. పాళెంలో పోలయ్య ఇల్లు ఎక్కడని అడిగితే వల బాగుచేసుకుంటున్న ముసలాయన, ఏ పోలయ్య, దొంగరాతల పోలయ్యేనా అన్నాడు. ఎగతాళిగా కూడా అనలేదు. పేరు అదే అయిపోయింది.

పోలయ్య గుడిసె ముందు నీడలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి ఎదురొచ్చాడు. ఎండకు, ఉప్పుకు నల్లబడ్డాడు. మళ్ళీ పడవల్లోకే పోతున్నాడని చూస్తేనే తెలుస్తోంది. భార్య రమణమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. చిన్న కూతురు ఆమె చీర పట్టుకుని నిలబడింది. ఆ పూట చేపల పులుసుతో అన్నం పెట్టారు. తిన్నాను. అదీ తిన్నాను.

భోజనం అయ్యాక చూస్తే అతని పక్కన ఒక నోటుపుస్తకం ఉంది. పేజీల నిండా అవే గుండ్రటి సున్నాలు.

"ఇదేంది పోలయ్యా" అన్నాను.

"గెడ పీక్కపోలేదు గదన్నా ఆఫీసోళ్ళు. ఆడనే ఉండాది. పడవ లేని రోజు నేను చూస్తా. పోయిన రోజు రమణమ్మ చూసి చెప్తది, వచ్చి రాసుకుంటా."

"ఇంక ఎందుకు రాయడం?"

అతను పుస్తకం ఒళ్ళోకి తీసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"నేను ఆ వారం ఆడికి పోయినా అన్నా. చూసినా, రాసినా. అది అబద్ధం కాదు. నా కాయితాలు నువ్వు చూసినానన్నావు, పోయినేటి అంకెలే ఉండాయన్నావు. నువ్వు అబద్ధం చెప్పవు. మిషను గూడా చెప్పదంట గదా. ఇంక మిగిలింది ఎవురు? సముద్రమే. పోయినేడు చేసినట్టే మళ్ళా చేసుంటది. ఒకసారి చేసిందంటే ఇంకోసారి చేస్తది. అట్టా రెండు వారాలు ఒకటే మాదిరి నాకు దొరికితే, పుస్తకం తీసకపోయి సారుకు చూపిస్తా."

రమణమ్మ గడపలోంచి అంది. "గీత దాటిందని ఇంటికొచ్చి చెప్పినావే ఆ పొద్దు. నడుముకు తాడు కట్టుకోని నువ్వు దిగితే, ఇంకో కొస నేను పట్టుకోని నిలబడలా? నా చేతులు చీరకపోలా?"

"ఊరుకోమే" అన్నాడు పోలయ్య. "కాయితంలో లేదంటుండాడు గదా అన్న. గాలివానలో నాకే తప్పు కనపడుంటది."

ఆమె తన అరచేతుల వైపు చూసుకుంది.

నేను చెప్పాల్సిన చోటు అదే. దాని కంటే తేలికైన చోటు మనిషికి దొరకదు. అవునమ్మా, గీత దాటింది, నేను చూశాను అంటే చాలు. నాలుక దాకా వచ్చింది. పోలయ్య నా ముఖంలోకి చూస్తున్నాడు.

"సముద్రం అట్టా చేస్తదా అన్నా? నువ్వు చదువుకున్నోడివి. చేస్తదంటావా?"

"చెయ్యొచ్చు పోలయ్యా" అన్నాను. "సముద్రం గదా."

అతని ముఖం వెలిగింది. నేను అంత వెలుగు ఇచ్చింది ఇంకెవరికీ లేదు. అది అబద్ధంతో ఇచ్చాను.

మొదటి అబద్ధానికి భయం ఉందని చెప్పుకోవచ్చు. ఉద్యోగం, పరువు, విదేశీ శిక్షణ, ఏవో ఉన్నాయి. ఈ రెండోదానికి ఏముంది? అప్పటికి నన్ను ఎవరూ పనిలోంచి తీసేవాళ్ళు కాదు. రాఘవన్ గారు బదిలీ మీద వెళ్ళిపోయారు. పోలయ్య నన్ను కొట్టేవాడు కూడా కాదు. అయినా చెప్పలేదు. అతను నన్ను అన్నా అని పిలిచేటప్పుడు అతని ముఖంలో ఉండే ఆ నమ్మకం నాకు కావాలి. అది పోతుందని చెప్పలేదు. అంటే అతని పరువు తీసుకున్నది చాలక, అతని ఆప్యాయత కూడా నాకే ఉంచుకున్నాను. ఇది నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిశాక కూడా చెప్పలేదు.

ఆ తర్వాత ఏటా కార్తీకం వెళ్ళాక పోలయ్య దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చేది. క్షేమం అడిగేవాడు. రమణమ్మ, పాప బాగున్నారని రాసేవాడు. చివర ఒక వాక్యం ఉండేది. ఈ యేడు కూడా దొరకలేదన్నా, చూస్తా ఉండాను. ఒక ఏడాది నాలుగు గంటలు ఒకటే మాదిరి కలిశాయని ఎంతో సంతోషంగా రాశాడు. మిగతా రోజంతా కలవలేదట. నేను జవాబులు రాశాను. ఆరోగ్యం జాగ్రత్త అని రాశాను. వెతకడం మానెయ్యమని ఒక్కసారి కూడా రాయలేదు. ఎందుకు మానాలో చెప్పాల్సి వస్తుందని.

ఒక ఏడాది కార్డు వేరే చేతిరాతలో వచ్చింది. కూతురు రాసింది. నాన్న జ్వరంతో పోయాడని, ఆయన పుస్తకాలు ఒక పెట్టె నిండా ఉన్నాయని, అవి మీకు ఇమ్మని చెప్పాడని, ఎక్కడికి పంపాలో చెప్పండి పెదనాన్నా అని రాసింది. నేను ఆ కార్డుకు జవాబు రాయలేదు. ఆమె రెండోసారి రాసింది. దానికీ రాయలేదు. మూడోసారి రాయలేదు ఆమె. కాస్త ఊపిరి ఆడినట్టు అనిపించింది. ఆ మాట కూడా దాచకుండా మీకు చెబుతున్నాను.

పోయిన నెలలో ఆమె చిరునామా వెతికించి ఉత్తరం రాశాను. మైపాడులోనే ఉంది, బడిలో పంతులమ్మగా పనిచేసి రిటైరైందట. చాలా చిత్తుప్రతులు చించాను. నా వయసు గురించి, నా పశ్చాత్తాపం గురించి రాసినవన్నీ చించాను. చివరికి మిగిలింది నాలుగైదు వాక్యాలు. మీ నాన్న ఆ వారం ప్రతి గంటా గెడ దగ్గరికి వెళ్ళాడమ్మా. బుధవారం నీళ్ళు గీత దాటిన మాట నిజం. ఆయన రాసిన కాయితాలు నేను చూశాను. యంత్రం తప్పు చేసేలా చేసింది నేను. ఆ కాయితాలు చించిందీ నేనే. క్షమించమని రాయలేదు. రాస్తే ఆమె మీద ఒక బరువు పెట్టినట్టు అవుతుంది. నన్ను క్షమించాలా వద్దా అని ఆమె కూర్చుని ఆలోచించాలి. ఆమె నాకు ఆ పని చేసిపెట్టాల్సిన అవసరం ఏముంది?

జవాబు రాలేదు. రమణమ్మ బతికి ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే కూతురు చదివి వినిపించిందేమో. వినిపించి ఉంటే ఆమె ఏమందో. నాకు తెలియాల్సిన పని లేదు.

ఈ రాతకు ఒక్క ఉపయోగం కనిపిస్తోంది. ఇన్నేళ్ళూ నాలో నేను అనుకునేటప్పుడు కూడా ఆ సంగతిని ‘ఆ పొరపాటు’ అనే అనుకునేవాణ్ణి. ప్రార్థనలోనూ అదే మాట. ఆమెకు ఉత్తరం రాస్తూ ఆ మాట రాశాను, కొట్టేశాను. టేపు వెళ్ళి వేరేవాళ్ళ చోట్లో రాసింది చూడండి, అది పొరపాటు. దాన్ని అలా వదిలిపెట్టింది నా నిర్లక్ష్యం. ఆ తర్వాత జరిగినవాటికి పొరపాటు అని పేరు లేదు. కాయితాలు చేత్తో చించాను. చూశానని నోటితో చెప్పాను. ఒక మనిషిని బతికినన్నాళ్ళూ సముద్రం ముందు కూర్చోబెట్టి, లేనిదాన్ని వెతికించాను.

పోలయ్య రాసింది నిజం. అబద్ధం చెప్పింది నేను. ఇన్నేళ్ళలో ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి రాయడం ఇదే మొదటిసారి.